గోపాలపట్నం తర్జుమాలో సకురా

యాభయ్యేళ్ళకు చేరువైన మగవాడు, రైల్వేలో షిఫ్టు డ్యూటీలు చేసుకునేవాడు, ఆదివారం మధ్యాహ్నం వీధి తలుపు దగ్గరగా వేసుకుని, రెక్కలున్న మంత్రదండం ఎక్కి ఎగిరే పదేళ్ళ ఆడపిల్ల బొమ్మల కథ చూస్తూ కూర్చుంటాడని నలుగురిలో చెప్పుకోవడం అంత తేలిక కాదు. షెడ్డులో ఎవరైనా "ఆదివారం ఏం చేశావు గురూ" అని అడిగితే ఇన్నేళ్ళుగా "ఏముంది, పడుకున్నాను" అనే చెబుతూ వచ్చాను. ఈ టపాతో ఆ గుట్టు కాస్తా రట్టు చేసుకుంటున్నాను. నవ్వదలచినవారు ఇక్కడే నవ్వేసుకుని ముందుకు రావచ్చు. నేను ఆగుతాను.

సరే. 2019 ఆగస్టులో మా తమ్ముడు సింగపూరు నుంచి వస్తూ, అన్న కూతురి కోసం ఒక డిస్కుల పెట్టె తెచ్చాడు. పేరు ‘కార్డ్‌క్యాప్టర్ సకురా’. మాటలు జపనీసులో, అడుగున అక్షరాలు ఇంగ్లీషులో. మా పాపకు అప్పటికి ఆరేళ్ళు, ఒకటో తరగతి. ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటిగా కూడబలుక్కుంటోంది. మూడోది పలికేలోపు తెర మీద వాక్యం మారిపోయేది. బాబాయి మీద అలిగి కూర్చుంది. దాన్ని ఊరుకోబెట్టడానికి, "నేను చదివి చెబుతాను, నువ్వు బొమ్మ చూడు" అన్నాను. ఆ ఒక్క మాటకి డెబ్బై భాగాలు తర్జుమా చేయవలసి వచ్చింది.

మా ఇల్లు గోపాలపట్నంలో, పెద్ద రోడ్డు మీది నుంచి సింహాచలం రైల్వే స్టేషను వైపు దిగే సందుల్లో ఒకదానిలో ఉంది. గూడ్సు బండి వెళుతుంటే కిటికీ ఊచలు సన్నగా మోగుతాయి. అటువంటి వేళ నా గొంతు వినపడక పాప వెనక్కి తిప్పమనేది. ఒక్కో భాగానికి ఇరవై నాలుగు నిమిషాలైతే మాకు గంట పట్టేది.

కథ తెలియనివారికి రెండు మాటలు. కినొమోతో సకురా నాలుగో తరగతి పిల్ల. ఇంట్లో దొరికిన ఒక పాత పుస్తకం తెరిస్తే అందులోని మంత్రపు కార్డులన్నీ గాలికి ఎగిరిపోతాయి. వాటిని ఒక్కొక్కటిగా పట్టి తేవడం ఆ పిల్ల పని. పుస్తకానికి కాపలా ఉండవలసిన మృగం పేరు కెర్బెరోస్. పేరు అంత ఘనంగా ఉన్నా, తెర మీద కనపడేది మాత్రం అరచేతిలో పట్టే పసుపుపచ్చని బొమ్మ, ముద్దుపేరు కెరో. కాపలా కాస్తూ నిద్రపోయినందువల్లే కార్డులు ఎగిరిపోయాయి, ఆ సంగతి దబాయించి దాటవేస్తూ ఉంటాడు. క్లాంప్ అన్న పేరుతో కలిసి పనిచేసే నలుగురు స్త్రీలు ఈ కథను 1996 నుంచి 2000 దాకా ‘నకయోషి’ అనే బాలికల పత్రికలో బొమ్మలతో నడిపారు. మొరియో అసకా దర్శకత్వంలో మ్యాడ్‌హౌస్ సంస్థ దాన్ని తెరకెక్కించింది. 1998 ఏప్రిల్ నుంచి 2000 మార్చి దాకా జపాను ప్రజా ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. వారి ఉపగ్రహ చానెల్లో వచ్చింది.

ఇక నా తర్జుమా. కెరో దగ్గర మొదటి చిక్కు వచ్చింది. అడుగున ఇంగ్లీషు అక్షరాల్లో తేడా తెలియదు గానీ, వాడి మాట మిగతావారి మాటలా లేదని చెవికి తెలుస్తూనే ఉంది. తరువాత చదివి తెలుసుకున్నాను, వాడు మాట్లాడేది ఒసాకా యాస. ఆ పుస్తకం చాలాకాలం ఒసాకాలో ఉండటం వల్ల వాడికి ఆ యాస అంటుకుందట! ఇంత చక్కని సంగతిని పుస్తకాల తెలుగులో పాడుచేయడానికి మనసొప్పలేదు. మా అమ్మ పుట్టిల్లు చీపురుపల్లి దగ్గర పల్లె. చిన్నప్పుడు మా మేనమామ పొలం గట్టున నిలబడి పిలిచే పిలుపు నా చెవిలో ఇంకా ఉంది. ఆ గొంతు తెచ్చి కెరోకి పెట్టాను. "ఏటే గుంటా, ఇంకా తొంగున్నావేటి? బేగి నెగు, కార్డు ఎలిపోతంది!" అనగానే పాప పడి పడి నవ్వింది. వంటింట్లోంచి మా అమ్మ, "ఎవరది, మా అన్నలాగ మాట్లాడతాడు?" అంటూ చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. ఆనాటి నుంచి ప్రేక్షకులు ఇద్దరయ్యారు.

సకురా స్నేహితురాలు తొమొయో కలవారి పిల్ల. తోటి పిల్లలతో కూడా మన్నన తప్పకుండా మాట్లాడుతుంది. ఆమెకు ‘మీరు’, ‘అండీ’ ఇచ్చాను. కెరోకి ప్రాణమైన పుడ్డింగును జున్ను చేశాను. ఇది నా తర్జుమాలో నేను గర్వపడే ఘట్టం. చూడటానికీ అలాగే ఉంటుంది, కదిపితే అలాగే వణుకుతుంది. సకురా కంగారు పడినప్పుడల్లా తీసే "హోయే" అన్న శబ్దాన్ని మాత్రం ముట్టుకోలేదు. అది అలాగే మా ఇంట్లోకి వచ్చేసి, పాలు పొంగినా కరెంటు పోయినా పాప నోట అదే వినిపించేది.

ఇంతవరకూ సరదా. కానీ మొదటి భాగంలోనే, మొదలుపెట్టిన కొద్ది నిమిషాలకే, నేను ఒక అబద్ధపు తర్జుమా చేశాను.

సకురా పొద్దున్నే లేచి మెట్లు దిగి వస్తుంది. నాన్న వంట చేస్తుంటాడు, అన్న బల్ల దగ్గర ఉంటాడు. బల్ల మీద ఒక ఫొటో ఉంటుంది, అందులో నవ్వుతున్న యువతి. సకురా ఆ ఫొటోకి పొద్దుటి పలకరింపు చెప్పి, ఈమె మా అమ్మ అనీ, తనకు మూడేళ్ళప్పుడు చనిపోయిందనీ మనకు చెబుతుంది. గొంతులో ఏ జీరా లేకుండా, తన బడి పేరు చెప్పినంత మామూలుగా చెబుతుంది.

మా పాపకూ తల్లి పోయినప్పుడు మూడేళ్ళే. 2016లో. ఎలా పోయిందన్నది ఇక్కడ రాయను. అప్పుడు ఇంటినిండా జనం ఉండగా ఎవరో పాపను ఎత్తుకుని, "అమ్మ ఊరెళ్ళిందమ్మా" అన్నారు. అనడం వాళ్ళు అన్నారు, దాన్ని అలాగే నిలబెట్టింది నేను. మూడేళ్ళపాటు ఎప్పుడడిగినా అదే జవాబు. తరువాత తరువాత అడగడం మానేసింది. మరిచిపోయిందనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను, అలా ఊపిరి పీల్చుకున్నందుకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. అందువల్ల ఆ అక్షరాలు తెర మీద వచ్చేసరికి నా నోటికి అలవాటైన మాటే వచ్చింది. "అది వాళ్ళమ్మ ఫొటో. వాళ్ళమ్మ ఊరెళ్ళింది" అన్నాను. పాప తెర మీద నుంచి చూపు తిప్పలేదు. మా అమ్మ మాత్రం నా వైపు ఒకసారి చూసి లేచి లోపలికి వెళ్ళిపోయింది.

చిన్నపిల్లల కోసం చేసినవాటిని పెద్దవాళ్ళు మెచ్చుకునేటప్పుడు సామాన్యంగా ఒక ఎత్తు వేస్తారు. "ఇది పైకి పిల్లల కథే గానీ లోపల చాలా చీకటి ఉంది" అంటారు. సకురా విషయంలో ఆ ఎత్తు పారదు. లోపల చీకటి ఏమీ లేదు. ఇందులో దుర్మార్గుడే లేడు. నేను ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘రాకాసిలోయ’, ‘మకరదేవత’ వంటి ధారావాహికలు చదివి పెరిగినవాణ్ణి. మాంత్రికుడంటే పుర్రెలూ కపాలాలూ, చిత్రా గారి కుంచెలో ఆ గుబురు కనుబొమలూ ఉండాలి, వాడు చివరికి చావాలి. ఇక్కడ ఎగిరిపోయిన కార్డులు మహా అయితే పెంకి పిల్లల వంటివి. ఒకటి వానై ఇంటిని తడుపుతుంది. ఒకటి అన్నిటినీ తియ్యగా మార్చేస్తుంది. ఒకటి రాత్రిపూట బడిలో ఎవరూ లేనప్పుడు పాడుకుంటుంది. అద్దం కార్డు సకురా రూపం ధరించి అన్నయ్యను అడవిలోకి తీసుకుపోతే, అతడు ఇది తన చెల్లెలు కాదని తెలిసి కూడా, దిగులుగా కనిపిస్తోంది కదా అని పోయిన వస్తువు వెతికిపెట్టబోయి దెబ్బ తగిలించుకుంటాడు. ఈ కథలో కార్డును పట్టడమంటే దాన్ని అర్థం చేసుకోవడం.

జపానులో మంత్రాల పిల్లల కథలకు పెద్ద వంశమే ఉంది. 1966లో తోయె సంస్థ తీసిన ‘మంత్రగత్తె శాలీ’తో అది మొదలైంది. 1992లో వచ్చిన ‘సెయిలర్ మూన్’తో ఆ పిల్లలు జట్టుగా యుద్ధాలకు దిగారు. సకురా వచ్చి యుద్ధాన్ని మళ్ళీ ఇంటికీ బడికీ తెచ్చింది. ఇదంతా అమెరికావారికి నచ్చలేదు. 2000లో ‘కార్డ్‌క్యాప్టర్స్’ అని పేరు మార్చి వేసినప్పుడు మగపిల్లలు చూడరన్న భయంతో మొదటి ఏడు భాగాలూ పక్కనపెట్టి, చైనా కుర్రాడు షావోరాన్ అడుగుపెట్టే ఎనిమిదో భాగం నుంచి మొదలుపెట్టారు. అంటే తల్లి ఫొటో పరిచయమయ్యే ఆ పొద్దు, నేనిప్పుడు చెప్పబోయే ఆరో భాగం, రెండూ ఆ ఏడింటితో పోయాయి. నేను ‘అమ్మ ఊరెళ్ళింది’ అన్నదానికీ వారు చేసినదానికీ పెద్ద తేడా లేదు.

ఆరో భాగానికి ముందు ఇంకొక కథ చెప్పాలి. అది మా అమ్మ చెప్పిన కథ.

సెప్టెంబరులో ఒక రాత్రి కరెంటు పోయింది. ఇన్వర్టరు అప్పటికి లేదు. మేడ మీద చాప వేసుకుని మా అమ్మ మనవరాలికి బాలనాగమ్మ కథ ఎత్తుకుంది. మనలో చాలామందికి తెలిసినదే. ఉయ్యాలలో బిడ్డ ఉండగా మాయల ఫకీరు వచ్చి తల్లిని కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. ఆ బిడ్డ పెరిగి బాలవర్ధిరాజై, తంబళ్ళ పెద్దికి మనవడిగా చేరి, ఏడు సముద్రాల అవతల చిలకలో దాచిన ఫకీరు ప్రాణం తీసి తల్లిని ఇంటికి తెచ్చుకుంటాడు. మా అమ్మ ఈ కథను బుర్రకథగా విన్నది, సురభివారి నాటకంగా చూసింది. 1942లో జెమినీవారు తీసిన సినిమాలో గోవిందరాజుల సుబ్బారావు గారి మాయల మరాఠీని చూసి వాళ్ళమ్మ జడుసుకున్న ముచ్చట కూడా కలిపి చెప్పింది. చిలక మెడ విరిచే చోట చేతులతో అభినయం చేసి మరీ చూపించింది.

కథ అయిపోయింది. సింహాచలం కొండ మీద దీపాలు కనిపిస్తున్నాయి. పాప చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నన్నడిగింది: "నాన్నా, అమ్మ వెళ్ళిన ఊరు ఏడు సముద్రాల అవతలేనా?"

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఏమన్నానో నాకు గుర్తులేదు. ఏదో అని ఉంటాను. మరుసటి వారంలో అది బడిలో ఇచ్చిన ప్రపంచ పటం మీద సముద్రాలు లెక్కపెట్టడం చూశాను. అయిదే ఉన్నాయి, మిగతా రెండూ ఎక్కడున్నాయి అని అడిగింది.

మన పాత కథల మీద నాకు ఫిర్యాదు లేదు. బాలనాగమ్మ గొప్ప కథ, తల్లి కోసం తపించే ప్రతి పిల్లవాడి కలా అందులో ఉంది. అయితే అది కల. ఎన్ని సముద్రాలైనా దాటితే దొరుకుతుంది అంటుంది. ఆ మాట తల్లి ఉన్న పిల్లలకు చెప్పవచ్చు.

మరుసటి ఆదివారం ఆరో భాగం వచ్చింది. ‘సకురా, అమ్మ జ్ఞాపకాలు’ అని దాని పేరుకు నేను చేసిన తెలుగు. బడి వెనుక అడవిలో దయ్యం కనిపిస్తోందని పిల్లలు చెప్పుకుంటుంటారు. ఒక్కొక్కరికి ఒక్కొక్కలా కనిపిస్తుందది. సకురా వెళితే అక్కడ అమ్మ నిలబడి ఉంటుంది, ఫొటోలో ఉన్నట్టే. సకురా చేతులు చాచి అటు నడుస్తుంది. అక్కడ నేల అయిపోయి కొండ అంచు ఉంది. పిల్ల పడిపోతుంది. కిందనుంచి ఒకరు పట్టుకుంటారు కాబట్టి బతుకుతుంది. ఇల్లు చేరాక కూడా మళ్ళీ అమ్మ దగ్గరకే వెళ్ళాలనుకుంటుంది.

నేను ఈ భాగాన్ని ముందుగా చూసుకోలేదు. తెలిసి ఉంటే డిస్కు గీసుకుపోయిందని చెప్పి దాటవేసేవాణ్ణి. అలా చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను గానీ, నిజం అదే.

పిల్ల మళ్ళీ అడవికి వెళుతుంది. అమ్మ మళ్ళీ చేయి చాస్తుంది. సకురా ఆగిపోతుంది. ఆగి ఆలోచిస్తుంది. మా అమ్మే అయితే నన్ను ప్రమాదంలోకి పిలవదు, కాబట్టి ఇది మా అమ్మ కాదు, అనుకుంటుంది. ఆ ఎరుక కలిగాక ఆ రూపం చెదిరి, అది మాయ అనే కార్డుగా తేలుతుంది.

ఆ చోట నాకు మాట రాలేదు. గూడ్సు బండి కూడా లేదు, వంక చెప్పడానికి. పాప, "ఏమంది నాన్నా? సకురా ఏమంది?" అంటోంది. నేను వెనక్కి తిప్పాను. మళ్ళీ అదే చోటు వచ్చింది. అప్పుడు చెప్పాను. "సకురా వాళ్ళమ్మ చచ్చిపోయింది. చచ్చిపోయినవాళ్ళు వెనక్కి రారు. వచ్చినట్టు కనిపిస్తే అది అమ్మ కాదు. అమ్మ అయితే నిన్ను కొండ మీంచి పడనివ్వదు కదా, అందుకని సకురాకి తెలిసిపోయింది." అడుగున ఉన్న అక్షరాలకు నేను ఎన్ని మాటలు కలిపానో చూడండి. పాప నా ఒళ్ళోకి వచ్చి కూర్చుని, "మన అమ్మ కూడానా?" అంది. "మన అమ్మ కూడా" అన్నాను. కాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అవతల తెర మీద కెరో ఆకలి అంటున్నాడు. "కెరో ఏమంటున్నాడు?" అని అడిగింది, ముక్కు ఎగబీలుస్తూ. "నాకు జున్నెట్టీ అంతన్నాడు" అన్నాను.

మూడేళ్ళు నేను చెప్పలేని మాటను చిన్నపిల్లల బొమ్మల కథ ఇరవై నాలుగు నిమిషాల్లో నా చేత చెప్పించింది. ఇందుకే కాబోలు, అంతకుముందు నాకు పిల్లలవిగా కనిపించినవన్నీ అటు తరువాత వేరుగా కనిపించడం మొదలైంది.

రెండు రోజులయ్యాక పాప కుర్చీ లాక్కుని గోడ దగ్గర నిలబడింది. మా ఇంట్లో దాని తల్లి పటం, అందరిళ్ళలో ఉన్నట్టే, గది గోడకు బాగా ఎత్తున, గంధపు చెక్కల దండతో, చిన్న ఎర్ర బల్బుతో ఉండేది. "అంత పైన ఉంటే అమ్మకి గుడ్ మార్నింగ్ ఎలా చెప్పను? మెడ నొప్పెడుతోంది. బల్ల మీద పెట్టు, సకురా వాళ్ళింట్లో లాగ" అంది.

మా అమ్మ ఒప్పుకోలేదు. పోయినవాళ్ళ పటం అన్నం తినేచోట పెట్టకూడదనీ, దండ తీయడం అసలే అరిష్టమనీ, ఎవరైనా వస్తే ఏమనుకుంటారనీ అంది. ఆమె మాటలో ఆమెకున్న బాధ నాకు తెలుసు, కోడలి మీద ప్రేమ లేక కాదు. ఆ పటం గోడ మీద ఉన్నంతసేపూ ఆ చావు ఒకచోట కట్టివేసినట్టు ఉంటుంది. కిందికి దింపితే ఇల్లంతా తిరుగుతుంది. చివరికి మధ్యేమార్గంగా గోడ మీది పటాన్ని అలాగే ఉంచి, పెళ్ళికి ముందు అన్నవరంలో తీసుకున్న చిన్న ఫొటో ఒకటి ఫ్రేము కట్టించి బల్ల మీద పెట్టాను. అందులో ఆమె ఎండకు కళ్ళు చికిలించి నవ్వుతుంటుంది. మా అమ్మ పదిరోజులపాటు ఆ బల్ల దగ్గర భోజనం చేయలేదు, వంటింట్లో పీట వేసుకుంది. పదకొండో రోజున కంచం తెచ్చుకుని మాట్లాడకుండా కూర్చుంది.

ఈ కథలో పెద్దవాణ్ణి నేను చూసేది పెద్దవాళ్ళనే. పాపకు కార్డులు కనపడేవి, నాకు సకురా తండ్రి ఫుజితకా కట్టే లంచ్ బాక్సులు కనపడేవి. విశ్వవిద్యాలయంలో పురావస్తు శాస్త్రం చెప్పే మనిషి. తెల్లారకుండా లేచి ముగ్గురికీ వండుతాడు. ఇంటి పనులు ఎవరి వంతు ఎప్పుడో పలక మీద రాసి ఉంటుంది. ఆదివారం సకురా ఇల్లు ఊడుస్తుంటే తీసినవారు ఆ ఊడ్చడాన్ని ఓపికగా, మంత్రాల యుద్ధానికి ఇచ్చినంత శ్రద్ధగా చూపించారు. అన్న తోయాకు చెల్లెలి రహస్యం మొదటినుంచీ తెలుసు. తెలిసినట్టు చెప్పడు. అర్ధరాత్రి ఆ పిల్ల కిటికీలోంచి ఎగిరివెళ్ళి వచ్చి పొద్దున్న బల్ల దగ్గర కునికిపాట్లు పడుతుంటే, ఏదో ఒక ఎకసెక్కెం ఆడి ఊరుకుంటాడు. తెలిసి కూడా తెలియనట్టు ఉండటంలో ఎంత కాపలా ఉందో పిల్లలకు కనపడదు, వాళ్ళకు కనపడనక్కరలేదు కూడా.

మా అమ్మ పరిశీలన వేరు. ఏ ఇరవయ్యో భాగం నడుస్తుండగానో, "ఆ తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకోలేదా?" అంది. లేదన్నాను. "డెబ్బై భాగాల్లోనూ?" లేదన్నాను. నిట్టూర్చి, "నీకు తగ్గవాడే" అంది. అక్కడితో ఆ ఏడాదికి సంబంధాల ప్రస్తావన ఆగింది. ఇందుకు నేను క్లాంప్ వారికి వేరుగా కృతజ్ఞుణ్ణి.

అన్నీ నచ్చాయని కాదు. ఫుజితకా తాను పాఠం చెప్పిన బడిలోని పదహారేళ్ళ విద్యార్థినిని పెళ్ళాడాడని కథ. పత్రికలో వచ్చిన రూపంలో సకురా సహాధ్యాయిని ఒకమ్మాయికీ వాళ్ళ మాస్టారికీ నడుమ మరీ ఇబ్బందిపెట్టే వ్యవహారం ఉంది. తెర మీద దాన్ని బాగా తగ్గించారు. ఆడపిల్ల తండ్రిగా ఆ చోట్ల నా తర్జుమా ఉద్దేశపూర్వకంగానే మూగబోయింది. ఆ మూగతనానికి మాత్రం పశ్చాత్తాపం లేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బడి మూతపడ్డాక వారానికొకటి కాస్తా రోజుకొకటి అయింది. ఏప్రిల్లో తుది తీర్పు ఘట్టానికి చేరాం. కార్డులన్నీ పట్టాక సకురా ఒక పరీక్షలో నెగ్గాలి, ఓడితే లోకానికి విపత్తు వస్తుందని మొదటినుంచీ బెదిరిస్తూ ఉంటారు. ఆ విపత్తు ఏమిటో చివరికి తెలుస్తుంది. భూకంపం కాదు, ప్రళయం కాదు. ఆ కార్డులతో సంబంధం ఉన్న ప్రతి మనిషీ తనకు అందరికన్నా ఎక్కువ ప్రియమైనవారి మీద ఉన్న ప్రేమను మరిచిపోతాడు. ఎవరూ చావరు. ఎవరికీ ఏదీ లోటని కూడా తెలియదు.

పాప, "అంతేనా?" అంది, కొంచెం నిరాశగా. పెద్ద రాక్షసుడు వస్తాడనుకుంది పాపం. నాకు వెన్ను చల్లబడింది. ఎందుకంటే అప్పటికి నాలుగేళ్ళుగా నేను భయపడుతున్నది దానికే. ఆమె గొంతు నాకు సరిగా గుర్తు రావడం మానేసింది. ఫోనులో ఉన్న ఒకే ఒక్క వీడియోలో ఆమె మాట్లాడదు, గాజువాకలో ఎవరి పెళ్ళిలోనో కెమెరాకు చేయి అడ్డం పెట్టుకుంటుంది. పాపకైతే తల్లిని గురించి గుర్తున్నవి రెండే, పచ్చ చీర ఒకటి, జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీద తడిగుడ్డ ఒకటి. ఆ తడిగుడ్డ వేసింది నిజానికి మా అమ్మ. నేను దిద్దలేదు.

మే 7 తెల్లవారుజామున మూడు దాటాక, మాకు దగ్గరలోనే ఉన్న వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడింది. ఆ సంగతి అందరికీ తెలిసినదే, అక్కడ పోయినవారూ మిగిలినవారూ పడ్డది చెప్పడానికి నేను తగను. మాకు ఫోను వచ్చింది, వాసన కూడా వచ్చింది. తడిపిన తువాళ్ళు ముఖాలకు చుట్టుకుని ముగ్గురం స్కూటరు మీద పెందుర్తి దాటి కొత్తవలసలో చుట్టాలింటికి చేరేసరికి తెల్లారింది. బ్యాంకు కాగితాలు, మా అమ్మ బీపీ మందులు, నా గుర్తింపు కార్డు, ఏవీ తేలేదు. పాప గౌను లోపల దాచుకుని బల్ల మీది ఫొటో తెచ్చింది. ఎప్పుడు తీసుకుందో మేము చూడలేదు. అది ఆ పిల్లకు అందే ఎత్తులో ఉంది, అంతే. మా అమ్మ ఆ ఫ్రేము అందుకుని, కొంగుతో తుడిచి, ఆ చుట్టాల ఇంటి దేవుడి గూట్లో పెట్టబోయి, ఆగి, వాళ్ళ భోజనాల బల్ల మీద పెట్టింది.

నాలుగో రోజు తిరిగివచ్చి ఫ్రిజ్‌లో ఉన్న పాలూ కూరలూ అన్నీ పారబోశాం. ఇల్లు కడిగాం. మిగిలిన భాగాలు జూన్‌లో పూర్తిచేశాం.

ఇప్పుడు పాపకు పన్నెండేళ్ళు. తనవన్నీ వేరే ఇష్టాలు, ఫోను, స్నేహితులు. నేను ఆదివారం డిస్కు పెడితే, "నాన్నా, ఇంకా ఆ చిన్నపిల్లల బొమ్మలేనా" అంటూ గది దాటిపోతుంది. 2018లో వచ్చిన తరువాయి కథ ‘క్లియర్ కార్డ్’ నేనొక్కణ్ణే చూశాను. కెరో మాటలు లోలోపల చీపురుపల్లి యాసలో అనుకుంటూ చూశాను, అదొక రోగం.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం మొదటి భాగం మళ్ళీ పెట్టుకున్నాను. ఎండకు ఎటూ పోలేక కాబోలు, వచ్చి పక్కన కూర్చుంది. ఇప్పుడు ఇంగ్లీషు నాకన్నా వేగంగా చదువుతుంది. సకురా మెట్లు దిగింది. ఫొటో దగ్గరకు వచ్చింది. అడుగున అక్షరాలు పడ్డాయి. పాప రిమోటు తీసుకుని ఆపింది.

"ఇక్కడ నువ్వు ‘వాళ్ళమ్మ ఊరెళ్ళింది’ అన్నావు."

ఆరేళ్ళ కిందటి మాట. నేను అవునన్నాను.

"నాకు అప్పుడే తెలుసులే" అంది. "ఊరెళితే ఫోన్ చేస్తారు గానీ ఫొటోకి గుడ్ మార్నింగ్ ఎవరు చెప్తారు?"

"మరి అప్పుడు అనలేదేం?"

"నువ్వు చెప్తావని" అంది.

ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తెర మీద సకురా చేయి ఎత్తి అలాగే నిలిచిపోయి ఉంది. లోపల మా అమ్మ నిద్రలో దగ్గింది. పాప రిమోటు నొక్కి, కాళ్ళు సోఫా మీదికి ముడుచుకుని, నా భుజానికి ఆనుకుంది.

"మిగతావాళ్ళవి నేను చదువుకుంటాను. కెరో వచ్చినప్పుడు మాత్రం నువ్వు చెప్పు. ఇంగ్లీషులో వాడు అస్సలు బాలేడు."

పుస్తకం తెరుచుకుంది, కార్డులు ఎగిరిపోయాయి, అట్ట మీది నుంచి వాడు ఒళ్ళు విరుచుకుంటూ లేచాడు. గొంతు సవరించుకున్నాను.

"ఏటే గుంటా..."